ఫోను పగలగొట్టక ముందు ఒక్క మాట



ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒక తండ్రి గుడి మెట్ల దగ్గర నా కోసం ఆగారు. ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ముక్కలైన సెల్‌ఫోను. కొడుక్కి పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. రాత్రి రెండింటి వరకు చిన్న చిన్న వీడియోలు చూస్తాడు, పగలు కాలేజీలో కునికిపాట్లు పడతాడు, అన్నం దగ్గర విసుక్కుంటాడు. రానురాను ఎవరితోనూ మాట్లాడక తలుపు వేసుకొని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు గట్టిగా మందలిస్తే తనకు తానే గాయం చేసుకున్నాడు. ఆ రాత్రే తండ్రి ఫోనును బండకేసి కొట్టారు. "సార్, అమెరికాలో తల్లిదండ్రులు ఈ కంపెనీల మీద కేసులు వేస్తున్నారట గదా. మనం వేయకూడదా?" అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్న మీలో చాలామందిది. దానికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేము. మనం "కేసు" అనే మాటలో నాలుగైదు వేర్వేరు దారులు కలిసిపోయి ఉన్నాయి. పిల్లవానికి జరుగుతున్న హాని వెంటనే ఆగాలన్నది ఒకటి, హాని చేసినవానికి శిక్ష పడాలన్నది ఒకటి, నష్టపరిహారం రావాలన్నది మరొకటి. వీటిలో మొదటి రెండింటికి మన చట్టంలో తలుపులు తెరిచే ఉన్నాయి, కాని వాటిని తట్టేవారు తక్కువ. మూడవది ఇరుకు ద్వారం. ఈ వారం వాటిని గూర్చి తెలుసుకుందాం.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. క్రైస్తవుడు కోర్టుకెక్కవచ్చునా అని కొందరు మనసులో జంకుతారు. పునీత పౌలు కొరింతు సంఘానికి వ్రాసిన మొదటి లేఖ ఆరవ అధ్యాయంలో మందలించింది నిజమే. అక్కడ ఆయన మందలించినది ఒకే సంఘంలోని సోదరులు ఒకరినొకరు కోర్టుకు ఈడ్చుకోవడాన్ని. అదే పౌలు తనకు అన్యాయం జరుగబోతే రోము పౌరసత్వపు హక్కును వాడుకున్నాడు, చక్రవర్తికి అప్పీలు చేసుకున్నాడు. లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలు న్యాయాధిపతిని విడవక అడిగింది. ఆమెను క్రీస్తునాథుడు మనకు ఆదర్శంగా చూపాడే గాని తప్పుపట్టలేదు. బలహీనుని పక్షాన న్యాయం అడగడం పగ తీర్చుకోవడం కాదు.

అమెరికాలో ఏం జరుగుతోంది?

అమెరికాలో 1996 నాటి చట్టంలో 230వ సెక్షను అని ఒకటుంది. ఎవరో పెట్టిన రాతకు, బొమ్మకు దానిని మోసిన కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని దాని సారం. తెచ్చిన ఉత్తరంలో తిట్లున్నంత మాత్రాన పోస్టుమాన్‌ను పట్టుకోలేము గదా! ఎన్నో కేసులు ఈ గోడకు తగిలి ఆగిపోయాయి.

2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే మాజీ ఉద్యోగిని ఫేస్‌బుక్ కంపెనీ లోపలి కాగితాలు బయటపెట్టారు. తమ శరీరాన్ని గూర్చి దిగులుపడే ఆడపిల్లల్లో సుమారు ముగ్గురిలో ఒకరికి ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును పెంచుతోందని కంపెనీ సొంత పరిశోధనలోనే తేలినట్లు అందులో ఉంది. ఆ తరువాత వకీళ్ళు వాదన తీరు మార్చారు. ఉత్తరంలో ఏముందో మేము అడగడం లేదు, పోస్టుమాన్ అర్ధరాత్రి వచ్చి పిల్లవాని కిటికీ తట్టేట్లు ఏర్పాటు చేసినది మీరే గదా, ఆ ఏర్పాటును గూర్చి అడుగుతున్నాం అన్నారు. ఎంత లాగినా అడుగు తగలని వీడియోల వరుస, ఒకటి అయిపోగానే తనంతట తానే మొదలయ్యే ఇంకొకటి, నిద్రవేళ మోగే గంటలు, ఎవరైనా దాటగలిగే వయసు తనిఖీ, ఇవన్నీ వస్తువు తయారీలోని లోపాలే అన్నది వారి వాదం. బ్రేకులు సరిగా లేని కారు అమ్మినవాడు బాధ్యుడైనట్లే వీరూ బాధ్యులు అంటారు.

ఇలాంటి కేసులను 2022 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ కోర్టులో జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ముందు ఒకచోట చేర్చారు. 2023 నవంబరులో ఆమె ఇచ్చిన ఉత్తర్వు గమనించదగినది. అన్నింటినీ ఒప్పుకోలేదు, అన్నింటినీ కొట్టివేయలేదు. ఒక్కొక్క ఏర్పాటును విడదీసి చూశారు. వయసు సరిగా తనిఖీ చేయకపోవడం, తల్లిదండ్రుల అదుపుకు తగిన సాధనాలు లేకపోవడం, ఖాతా మూసివేయడాన్ని కష్టతరం చేయడం వంటి ఆరోపణలను ముందుకు సాగనిచ్చారు. ఏ వీడియో ఎవరికి చూపాలన్న ఎంపికను తప్పుపట్టే వాదాలు కొన్నింటిని ఆపారు. 2023 అక్టోబరులోనే నలభైకి పైగా రాష్ట్రాలు మెటా కంపెనీ మీద స్వయంగా దావాలు వేశాయి. లాస్ ఏంజలెస్‌లోని రాష్ట్ర కోర్టులో 2026 జనవరిలో తొలి కేసుకు జ్యూరీ ఎంపిక మొదలైంది. నాలుగు కంపెనీలలో రెండు, అంటే స్నాప్, టిక్‌టాక్, విచారణకు ముందే రాజీపడ్డాయి. మెటా, యూట్యూబ్ నిలబడ్డాయి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ బంధువులు ఈ మాటెత్తితే వారికి రెండు విషయాలు చెప్పండి. ఒకటి, కేసులన్నీ ఒక జడ్జి ముందున్నా ఎవరి కేసు వారిదే. ఒక కుటుంబం గెలిచినంత మాత్రాన ఇంకొకరికి డబ్బు రాదు. తమ బిడ్డకు ఏ హాని జరిగింది, దానికి కారణం ఫలానా ఏర్పాటే అని ప్రతి కుటుంబం చూపాలి. రెండు, దావా వేయడానికి గడువు రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. ఫోనులో కనబడిన ప్రకటన చూసి సంతకం చేయకుండా, తాము నివసించే రాష్ట్రంలో లైసెన్సు ఉన్న వకీలుతో ముఖాముఖి మాట్లాడాలి. అక్కడి వకీళ్ళు గెలిస్తేనే వాటా తీసుకునే పద్ధతి మీద ఈ కేసులు నడుపుతారు. ఆ వాటా ఎంతో, ఖర్చులు ఎవరివో కాగితం మీద చదువుకున్న తరువాతే సంతకం పెట్టాలి.

మన చట్టం ఏం చెబుతుంది?

ఇక మన ఇంటికి వద్దాం. పిల్లవాడు ఖాతా తెరిచేటప్పుడు "ఒప్పుకుంటున్నాను" అనే మీట నొక్కాడు గనుక మనకు నోరు లేదని చాలామంది అనుకుంటారు. అది అపోహ. పద్దెనిమిదేళ్ళు నిండనివారు చేసుకున్న ఒప్పందం మన దేశంలో చెల్లదు. 1903లో ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో చెప్పిన ఈ సూత్రం నేటికీ నిలిచే ఉంది. ఆ మీట నొక్కినందుకు మైనరును ఆ షరతులకు కట్టిపడేయలేరు.

అయితే పరిహారం అడగబోతే రెండు గోడలు అడ్డు వస్తాయి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షను అమెరికా 230వ సెక్షనుకు తమ్ముడి వంటిది. అయితే ఈ తమ్మునికి షరతులు ఎక్కువ. కంపెనీ తగిన జాగ్రత్త పాటించాలి, కోర్టో ప్రభుత్వమో తెలియజేశాక చట్టవిరుద్ధమైనదాన్ని తీసివేయాలి, లేకపోతే ఆ రక్షణ పోతుంది. రెండవ గోడ వినియోగదారుల చట్టంలో ఉంది. 2019 నాటి ఆ చట్టంలో లోపమున్న వస్తువు వలన కలిగిన హానికి పరిహారం అడిగే అధ్యాయమే ఉంది. చూడగానే మన కోసమే వ్రాశారా అనిపిస్తుంది. కాని ఉచితంగా చేసే సేవ ఆ చట్టం దృష్టిలో సేవ కాదు. ఈ యాప్‌లకు మనం పైకం కట్టము. పైకానికి బదులు పిల్లల సమాచారం ఇచ్చుకుంటున్నాం, అదే మూల్యం అని వాదించవచ్చు. నాకైతే అది న్యాయమైన వాదంగానే తోస్తుంది, కాని మన కోర్టుల్లో ఆ బాట ఇంకా నలగలేదు.

పైకం కట్టిన చోట సంగతి వేరు. నెలసరి చందా కట్టినా, ఆటలో నాణేలు కొన్నా మీరు వినియోగదారులే. రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. తండ్రి బ్యాంకు ఖాతా నుంచి పిల్లవాడు ఆటలకు వేలకు వేలు ఖర్చుచేసిన ఇళ్ళు మన విచారణల్లో లేకపోలేదు. రసీదులు దాచుకోండి. మోసం చేసి ఎవరైనా డబ్బు లాగివుంటే వెంటనే 1930కి ఫోను చేయండి. గంటలు గడిచినకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

సివిల్ కోర్టులో నిర్లక్ష్యం వలన కలిగిన హానికి దావా వేయడానికి అడ్డులేదు. మైనరు తరఫున తల్లిగాని తండ్రిగాని హితుడుగా నిలబడి వేయాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం మైనర్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండాక మూడేళ్ళ వరకు ఆ బిడ్డ తానే దావా వేసుకోవచ్చు. అందుచేత ఈ రోజే పరుగెత్తనవసరం లేదు, ఈ రోజు ఆధారాలు భద్రపరిస్తే చాలు.

వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వచ్చిన చట్టాన్ని గూర్చి మీరు వినే ఉంటారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, పిల్లల నడవడిని వెంబడించి చూడకూడదు, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు అని దాని 9వ సెక్షను చెబుతుంది. తప్పితే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. 2025 నవంబరులో ప్రచురించిన నియమాల ప్రకారం ఈ బాధ్యతలు 18 నెలల తరువాత, అంటే 2027 మే నెల నుంచి అమలు కావాలి. వినడానికి బాగుంది. కాని ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, దెబ్బతిన్న బిడ్డకు పైసా రాదు. ఈ చట్టాన్ని గూర్చి నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

వెంటనే పనిచేసే దారులు

పై చర్చంతా కంపెనీ వస్తువు తీరును గూర్చి. చాలా ఇళ్ళలో అసలు గాయం ఇంకొక చోట ఉంటుంది. ఎవరో ఒక మనిషి ఆ యాప్ ద్వారా మన బిడ్డను వేధించి ఉంటాడు, బొమ్మలు అడిగి ఉంటాడు, వాటిని చూపి బెదిరిస్తూ ఉంటాడు. అమ్మాయి ఫోను వదలడం లేదని మనం కోప్పడుతుంటాము. వదిలితే వాడు ఏం చేస్తాడోనని ఆమె భయపడుతూ ఉంటుంది. కనుక ముందు అడగండి, మెల్లగా అడగండి.

అటువంటిది ఉంటే అది పోక్సో చట్టం, సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షను కింద నేరం. ఏ పోలీసు స్టేషనుకైనా వెళ్ళవచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. స్టేషనుకు వెళ్ళలేకపోతే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, బాలల సహాయానికి 1098 ఉంది. పరువు పోతుందని దాచిపెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. పోక్సో కింద బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. అధికారి యూనిఫారంలో ఉండకూడదు, బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు, పేరును, ఊరును పత్రికలు బయటపెట్టకూడదు. ప్రత్యేక కోర్టు బిడ్డకు శరీరానికేగాక మనసుకు తగిలిన దెబ్బకు కూడా పరిహారం ఇప్పించగలదు. కేసు తేలకముందే మధ్యంతర సహాయం కూడా ఇప్పించవచ్చు. ఇందాక ఇరుకు ద్వారం అన్నానే, ఈ వైపు అది కొంత వెడల్పుగా ఉంది.

వేధించినది తోటి విద్యార్థే అయితే, వాడూ మైనరైతే, వ్యవహారం బాలన్యాయ మండలికి పోతుంది. అక్కడ శిక్షకన్న దిద్దుబాటుకే ప్రాధాన్యం. వారూ ఎవరో ఒకరి బిడ్డలే.

2021 నాటి నియమాల ప్రకారం ప్రతి పెద్ద కంపెనీ మన దేశంలో ఫిర్యాదులు వినే అధికారిని నియమించాలి. నగ్నచిత్రాలు, మార్ఫింగ్ చేసిన చిత్రాలు ఉంటే బాధితులుగాని వారి తరఫున ఇంకొకరుగాని ఫిర్యాదు చేయవచ్చు. వాటిని 24 గంటల్లో తొలగించాలని ఆ నియమాల్లో ఉండేది. 2026 ఫిబ్రవరి సవరణ గడువును ఇంకా కుదించింది. అధికారి పట్టించుకోకపోయినా, జవాబు తృప్తిగా లేకపోయినా 30 రోజుల్లో ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్ళవచ్చు. ఇది ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది, వకీలు అవసరం లేదు. ఫిర్యాదు పెట్టగానే వచ్చే నంబరు వ్రాసి ఉంచుకోండి.

పిల్లవాడు ఆత్మహత్యకు ప్రయత్నిస్తే పోలీసు కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకుపోని వారున్నారు. దయచేసి ఆ పొరపాటు చేయకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని చెబుతుంది. చికిత్స పొందడం హక్కు అని కూడా ఆ చట్టం చెబుతుంది. శరీర వ్యాధులకు ఇచ్చినట్లే మనోవ్యాధులకు కూడా ఇన్సూరెన్సు ఇవ్వాలని కంపెనీలను ఆదేశించింది. తెలుగులో మాట్లాడడానికి టెలిమానస్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చులేదు.

ఏవి భద్రపరచాలి?

అన్నింటికీ ప్రాణం ఆధారాలు. ఆ తండ్రి పగలగొట్టిన ఫోనులో ఆయన కేసు సగం పోయింది.

రోజుకెన్ని గంటలు వాడాడో ఫోనే లెక్క చూపుతుంది. ఆ తెరను ఇంకొక ఫోనుతో తేదీ కనబడేట్లు ఫొటో తీయండి. ఖాతాను తొలగించే ముందు, ఆ ఖాతా సమాచారమంతా దించుకునే వీలు ఆ యాప్‌లోనే ఉంటుంది, దానిని వాడుకోండి. కాలేజీ హాజరు, పాత మార్కులు, కొత్త మార్కులు ఒక కవరులో పెట్టండి. ఏ తేదీన ఏమి జరిగిందో ఒక నోటు పుస్తకంలో వ్రాయండి, రెండు వాక్యాలైనా చాలు. ఎలక్ట్రానిక్ ఆధారాలను కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. ఆ సంగతి వకీలు చూసుకుంటారు, అసలు ఫోను మాత్రం మీ దగ్గర ఉండాలి.

డాక్టరు కాగితాలు మరీ ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో ఆటల వ్యసనానికి చోటు దొరికింది గాని, సోషల్ మీడియా వ్యసనానికి అటువంటి పేరు లేదు. కనుక డాక్టరు కుంగుబాటు అనో, ఆందోళన అనో, నిద్రలేమి అనో వ్రాస్తారు. బిడ్డ రాత్రి ఎన్నింటి వరకు ఫోనులో ఉంటున్నాడో, ఏమి చూస్తున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి, అది కేసు షీటులోకి ఎక్కుతుంది. రేపు కారణం చూపవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క పంక్తి పనికివస్తుంది.

ఒక హెచ్చరిక. బిడ్డకు సంబంధించిన అసభ్య చిత్రాలేవైనా దొరికితే వాటిని బాబాయికో మేనమామకో, విచారణ వాట్సాప్ గుంపుకో సలహా కోసమని పంపకండి. అలా పంపడమే 67బి కింద నేరం. ఫోనును ఉన్నది ఉన్నట్లు పోలీసులకు అప్పగించండి.

ఇంకొకటి కూడా చెప్పక తప్పదు. కంపెనీ తరఫు వకీలు మొట్టమొదట అడిగేది, ఫోను కొనిచ్చింది ఎవరు, పదకొండేళ్ళ పిల్లవానికి పద్దెనిమిది అని వయసు వేసి ఖాతా తెరిచింది ఎవరు అని. మన ఇళ్ళలో ఆ పని తరచు మనమే చేశాము. దానితో కేసు అంతా పోదు, కాని దాచిపెడితే పోతుంది. మీ వకీలుకు మొదటి రోజే చెప్పండి.

డబ్బులేదని వెనుకాడేవారు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను గుర్తుంచుకోవాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు 15100. పోయేటప్పుడు బిడ్డ పుట్టిన తేదీ పత్రం, ఆధార్ నకలు, డాక్టరు కాగితాలు, ఇందాక చెప్పిన నోటు పుస్తకం వెంట తీసుకుపోండి. వకీలును, కోర్టు ఖర్చులను వారే చూస్తారు.

ఆ తండ్రి సంగతి అడుగుతారేమో. ఫోను ముక్కలైనా ఖాతా కంపెనీ కంప్యూటర్లలో ఉంది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని ఇంకొక ఫోనులో తెరవమన్నాను, పిల్లవాని మీద గెలిచినట్లు గాక అతని అనుమతితో. ఒక వారం తరువాత వచ్చి, ఖాతా సమాచారం దించుకున్నామని, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుని దగ్గర చీటీ తీసుకున్నామని చెప్పారు. దావా మాట అప్పటికి పక్కన పెట్టారు. పిల్లవానికి ఇరవై ఒక్కటి వచ్చే వరకు సమయం ఉంది.

ఈ విషయమై సందేహాలున్నవారు పత్రిక చిరునామాకు ఉత్తరం వ్రాయవచ్చు. పేర్లు ప్రచురించము. బిడ్డ పేరు, కాలేజీ పేరు ఉత్తరంలో కూడా వ్రాయవద్దు.